ఫ్రాన్స్‌లోని నీమ్ నగర చిహ్నంలో గొలుసుతో కట్టిన మొసలి ఎందుకున్నది?

పర్లాకిమిడి చరిత్రాభిమాని (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం.

మా తెలుగు సమాజం వెలువరించే వార్షిక సంచికకు లాంఛనాల (అధికార చిహ్నాల) మీద ఒక వ్యాసం రాస్తున్నాను. మన ప్రాంతం వరకు నాకు పెద్ద ఇబ్బంది లేదు. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల రాగి రేకులకు వేసిన ముద్ర మీద నంది ఉంటుంది. వేంగీ చాళుక్యుల ముద్ర మీద వరాహమూ, అంకుశమూ, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న బిరుదూ ఉంటాయి. అయితే ఇవన్నీ వంశాలకు చెందిన లాంఛనాలు. రాజవంశం మారితే ముద్ర మారింది గాని, ముఖలింగానికి గాని రాజమహేంద్రవరానికి గాని ఊరి పేరిట ఒక ముద్ర ఉన్నట్టు నా చదువులో ఎక్కడా తగలలేదు. ఐరోపాలో అలా కాదు. అక్కడ ఊరికంటూ ఒక డాలు, దాని మీద ఒక బొమ్మ, ఆ బొమ్మకు రాజు ఇచ్చిన పత్రం, ఇంత వ్యవహారం ఉన్నది. పోలిక కోసం అటువంటి ఊరు ఒకదాన్ని వ్యాసంలో చేర్చాలనుకుని దక్షిణ ఫ్రాన్స్‌లోని నీమ్ నగరాన్ని ఎంచుకున్నాను.

ఆ నగర చిహ్నంలో ఎర్రని డాలు మీద ఆకుపచ్చని చెట్టు, దానికి బంగారు గొలుసుతో కట్టివేసిన మొసలి, పైన ఒక ఆకుల దండ, చెట్టుకు అటూ ఇటూ విరిచి రాసిన 'కోల్', 'నెమ్' అన్న అక్షరాలు కనిపిస్తాయి. ఆ ఊళ్లో మొసళ్లున్న నది ఏదీ లేదు. ఈజిప్టు మీద యుద్ధం చేసి వచ్చిన రోమన్ సైనికులకు అక్కడ భూములిచ్చి స్థిరపరిచారనీ, వాళ్లు తమ విజయానికి గుర్తుగా ఈ బొమ్మను పెట్టుకున్నారనీ చాలా చోట్ల చదివాను. ఇది నిలబడే మాటేనా? డాలు మీదికి ఆ బొమ్మ ఎప్పుడు, ఎవరి ద్వారా ఎక్కింది? అంతకు ముందు ఆ ఊరికి ఏ చిహ్నం ఉండేది? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

బరంపురం నాణేల పెట్టె

మాస్టారికి నమస్కారం. ఈ ప్రశ్నకు జవాబు డాలు దగ్గర మొదలుపెడితే దొరకదు, నాణెం దగ్గర మొదలుపెట్టాలి. నీమ్ చిహ్నం మొత్తం ఒక రోమన్ కంచు నాణెపు వెనుక వైపు నుంచి ఎత్తి రాసిన బొమ్మ.

క్రీస్తు పూర్వం ఇరవైల నుంచి సుమారు క్రీ.శ. 14 వరకు, అంటే అగస్టస్ చక్రవర్తి పాలన ముగిసేదాకా, మధ్యమధ్య విరామాలతో ఈ నాణేన్ని నీమ్‌లో ముద్రించారు. సగటున 12, 13 గ్రాముల బరువుంటుంది. ముందు వైపు రెండు తలలు వీపులు ఆనించుకున్నట్టు ఎడమొగం పెడమొగంగా ఉంటాయి. ఒకరు అగస్టస్, రెండోవారు ఆయన సేనాపతి, తరువాత అల్లుడు అయిన అగ్రిప్ప. అగ్రిప్ప తల మీది కిరీటాన్ని కొంచెం శ్రద్ధగా చూడండి. దానికి ఓడల ముక్కుల ఆకారాలు అతికించి ఉంటాయి. క్రీ.పూ. 36లో సిసిలీ దగ్గర గెలిచిన నౌకాయుద్ధానికి ఆయన పొందిన గౌరవం అది. ఆ తరువాత క్రీ.పూ. 31లో ఆక్టియం వద్ద అగస్టస్ ప్రత్యర్థి ఆంటొనీ, ఈజిప్టు రాణి క్లియోపాత్రా నౌకాబలాన్ని ఓడించిన సేనకు నాయకుడూ ఆయనే. మరుసటి ఏడు అలెగ్జాండ్రియా లొంగిపోయి, ఈజిప్టు రోము చేతికి వచ్చింది.

ఇప్పుడు నాణెం తిప్పండి. మధ్యలో ఖర్జూరపు చెట్టు. మన గంజాం పొలం గట్ల మీద కనిపించే ఈతకు దగ్గరి చుట్టమే గాని తాడి కాదు. కొన్ని వ్యాసాల్లో తాటిచెట్టని రాశారు, మీరు మార్చుకోండి. చెట్టు కొన ఒక పక్కకు వంగి ఉంటుంది. మొదలు దగ్గర రెండు పిలకలు. పైన పొడవాటి పట్టీలు వేలాడే విజయమాల. చెట్టు ముందు కుడివైపుకు తిరిగి నోరు తెరిచిన మొసలి, దాని నుంచి చెట్టు మానుకు గొలుసు. చెట్టుకు ఒక పక్క కోల్, మరో పక్క నెమ్. 'కొలోనియా నెమౌసుస్' అన్న పేరులోని మొదటి అక్షరాలు అవి. నెమౌసుస్ అన్నది అక్కడి పవిత్రమైన ఊటకు అధిదేవత పేరు, ఊరికి ఆ పేరే వచ్చింది.

మొసలి ఈజిప్టుకు గుర్తు అనడంలో అనుమానం లేదు. నీమ్ నాణేనికి ముందే, క్రీ.పూ. 28, 27 ప్రాంతంలో, ఆక్టేవియన్ (తరువాత అగస్టస్ అని పిలిచింది ఈయననే) వేయించిన వెండి, బంగారు నాణేల మీద ఒంటరి మొసలి బొమ్మా, 'ఈజిప్టు పట్టుబడింది' అన్న అర్థం వచ్చే లాటిన్ మాటలూ ఉన్నాయి. అయితే ఒక తేడా గమనించాలి. ఆ మొసలికి గొలుసు లేదు, చెట్టు లేదు. గొలుసూ చెట్టూ మాలా కలిపి ఒక కథగా చెప్పింది నీమ్ ముద్రణాలయమే. గెలుపు చాటడం ఒక్కటే కాకుండా, గెలిచిన దేశాన్ని కట్టి ఉంచామని చెప్పడం ఈ బొమ్మలో అదనంగా వచ్చి చేరింది. నా దృష్టిలో చిహ్నానికి అసలు అర్థం ఆ గొలుసులో ఉన్నది.

ఈ నాణేలు నీమ్‌లోనే కాక, రైన్ నది వెంట రోమన్ సైనిక శిబిరాల్లో పెద్ద సంఖ్యలో దొరికాయి. చిల్లర కొరతకు వాటిని ఉలితో నిలువునా రెండు ముక్కలుగా నరికి, ఒక్కొక్క ముక్కను సగం విలువకు చెలామణీ చేశారు. అందువల్ల నేడు సంగ్రహాలయాల్లో అగస్టస్ ఒక్కడే ఉన్న ముక్కలు, మొసలి తోక మాత్రమే ఉన్న ముక్కలు విరివిగా కనిపిస్తాయి. మరొక విచిత్రం కూడా చెప్పాలి. కొన్ని నాణేలకు అంచున అడవిపంది కాలి ఆకారంలో ఒక కాడ కలిపి పోతపోశారు. అవి బజారుకు కాదు, ఊట దేవతకు మొక్కుబడిగా సమర్పించడానికని పండితులు భావిస్తారు.

జయపురం పాఠకుడు

బరంపురం వారి వివరణ చదివాక మిగిలింది సైనికుల కథ. దాని మీద నాలుగు మాటలు రాస్తాను, ఎందుకంటే వ్యాసంలోకి అది నిజంగా ఎక్కితే తరువాత దింపడం కష్టం.

దక్షిణ గాల్ దేశంలో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) రోమన్లు సైనికులను స్థిరపరిచిన ఊళ్లు ఉన్నాయి, ఏ ఊరికి ఏ దళం వచ్చిందో ఆ ఊరి అధికారిక నామమే చెబుతుంది. నార్బోన్ పదో దళం వారిది, ఆర్ల్ ఆరో దళం వారిది, బెజియే ఏడో దళం వారిది, ఒరాంజ్ రెండో దళం వారిది, ఫ్రెజూస్ ఎనిమిదో దళం వారిది. ఈ సంఖ్యలు ఆ ఊళ్ల లాటిన్ పేర్లలో భాగాలు. నీమ్ పూర్తి పేరులో అగస్టస్ పేరున్నది గాని ఏ దళం సంఖ్యా లేదు.

ఇంకొక అభ్యంతరం ఇంతకంటే బలమైనది. క్రీస్తుశకం తొలి దశాబ్దాల్లో రాసిన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో, నీమ్‌కు 'లాటిన్ హక్కు' ఉన్నదనీ, చుట్టుపక్కల 24 గ్రామాలు దాని కింద ఉన్నాయనీ స్పష్టంగా చెప్పాడు. లాటిన్ హక్కు అంటే స్థానిక ప్రజలున్న ఊరికి ఇచ్చే మధ్యస్థాయి హోదా. అక్కడ పదవి నిర్వహించినవారికి ఆ తరువాత రోమన్ పౌరసత్వం దక్కేది. రోమన్ దళాల్లో పనిచేసి రిటైరైన సైనికులు అప్పటికే పౌరులు. వాళ్లకు భూములిచ్చి స్థిరపరిచిన ఊరికి ఒక మెట్టు తక్కువ హోదా ఎందుకిస్తారు? ఈ కారణంగానే నేటి చరిత్రకారుల్లో చాలామంది ఈజిప్టు సైనికుల స్థిరనివాసాన్ని ఒప్పుకోరు. దళాలకు చెందని సహాయక సైనికులో, ఈజిప్టు నుంచి వచ్చిన గ్రీకులో ఉండవచ్చునని వాదించినవారు ఉన్నారు, ఆ వాదానికి గట్టి ఆధారం కనిపించదు.

అయితే నీమ్ వాళ్లు ఆ బొమ్మ ఎందుకు వేశారు? సైనికుల కథ లేకుండానే దీనికి సమాధానం చెప్పుకోవచ్చు. క్రీ.పూ. 20, 19 సంవత్సరాల్లో అగ్రిప్ప గాల్ దేశ వ్యవహారాలు చూశాడు. నీమ్‌కు కోట గోడలూ ద్వారాలూ ఇచ్చింది అగస్టస్ అని అక్కడి ద్వారం మీది శాసనమే చెబుతోంది, అది క్రీ.పూ. 16, 15 నాటిది. ఇంత ఆదరణ పొందిన ఊరు, ఆ ఇద్దరి తలలను ఒక వైపు, ఆ ఇద్దరూ కలిసి సాధించిన ఆక్టియం విజయాన్ని మరో వైపు ముద్రించడంలో వింత లేదు. మొసలిని చూసి సైనికులను వెతకడం, గుడి గోడ మీద సింహం ఉన్నది గనుక ఊళ్లో సింహాలు తిరిగేవనుకోవడం వంటిదే.

సిరొంచ ప్రాణహిత

మీ ఇద్దరి మాటలూ ప్రాచీన కాలానికి సంబంధించినవి. మాస్టారు అడిగిన రెండో సగానికి, అంటే డాలు మీదికి అది ఎప్పుడెక్కిందన్నదానికి, ఇంకా జవాబు రాలేదు. రోము కాలం నుంచి నేటి దాకా ఆ బొమ్మ అవిచ్ఛిన్నంగా వచ్చిందని అనుకోవడానికి వీల్లేదు. నాణేల ముద్రణ ఆగిపోయిన తరువాత దాదాపు పదిహేను వందల ఏళ్లు ఆ మొసలికీ నగర పాలనకూ సంబంధమే లేదు.

మధ్యయుగాల్లో నీమ్ డాలు ఏ బొమ్మా లేని వట్టి ఎరుపు. 1516లో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్స్వా ఆ ఎరుపు మీద బంగారు ఎద్దును పెట్టుకోవడానికి అనుమతించాడు. గాంగుల నందితో మొదలుపెట్టిన మాస్టారికి ఈ సంగతి నచ్చుతుందనుకుంటాను. నీమ్ రోమన్ క్రీడారంగపు (యాంఫీథియేటర్) ముఖద్వారం పైన కూడా రెండు ఎద్దు తలలు చెక్కి ఉన్నాయి. ఎద్దు ఇరవై ఏళ్లు కూడా నిలవలేదు. 1533లో అదే రాజు నీమ్ వచ్చాడు. తన కొడుక్కూ కాతరీన్ ద మెడిచికీ మార్సేలో జరగబోయే పెళ్లికి వెళుతూ దారిలో ఆగాడు. మోకాళ్ల మీద కూర్చుని తన చేతిరుమాలుతో రోమన్ శాసనాల మీది దుమ్ము తుడిచి చదివాడని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. రుమాలు సంగతి ఎలా ఉన్నా, ఆయనకు ప్రాచీన వస్తువుల మీద మక్కువ ఉండేదన్నది నిజం. ఊరి పెద్దలు ఆ మక్కువను కనిపెట్టారు. తమ పొలాల్లో, పునాదుల్లో దొరికే పాత నాణెం మీది మొసలినీ చెట్టునూ నగర చిహ్నంగా అనుగ్రహించమని అడిగారు, 1535లో రాజు అంగీకరించాడు.

కనుక డాలు మీది మొసలి అర్థం, నాణెం మీది మొసలి అర్థం ఒకటి కావు. నాణెం 'ఈజిప్టును కట్టేశాం' అంటుంది. 1535 నాటి డాలు 'మేము రోము కాలం నుంచి ఉన్న ఊరివాళ్లం, మా పాతదనానికి ఇదిగో సాక్ష్యం' అంటుంది. ఆ నాటి పట్టణ పెద్దలకు క్లియోపాత్రాతో పగ ఏముంది? పక్క ఊళ్ల కంటే తమకు పెద్దరికం కావలసి వచ్చింది. మన వైపు కాకతీయులు చాళుక్యుల వరాహాన్నే తమ లాంఛనంగా కొనసాగించడంలోనూ ఇటువంటి ఆలోచన కొంత ఉన్నదని నా అభిప్రాయం, కాని అది వేరే చర్చ.

రంగుల గురించి ఒక మాట. ఐరోపా లాంఛనాల్లో బంగారం, వెండి 'లోహాలు'. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఊదా 'రంగులు'. లోహం మీద లోహం, రంగు మీద రంగు పెట్టకూడదన్నది మూలసూత్రం. యుద్ధంలో దూరం నుంచి డాలు గుర్తుపట్టాలి గనుక ఈ నియమం. నీమ్ డాలు దీన్ని పాటించదు: ఎర్రని నేల మీద ఆకుపచ్చ చెట్టు ఉన్నది. ఎరుపు ఊరి పాత రంగు, దాన్ని వదులుకోలేదు. చెట్టుకు సహజమైన రంగు వేశారు. బొమ్మను తయారు చేసినవారి మనసంతా నాణెం మీద ఉన్నది గాని నియమాల మీద లేదని దీన్నిబట్టి నాకు తోస్తుంది. మీ సంచికలో నలుపు తెలుపుల్లో అచ్చువేస్తే ఎరుపుకు నిలువు గీతలూ, ఆకుపచ్చకు ఏటవాలు గీతలూ, బంగారానికి చుక్కలూ వేయడం అంతర్జాతీయ పద్ధతి. ప్రెస్సువాళ్లకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే గీతలను మరకలనుకుని తుడిచేస్తారు.

పర్లాకిమిడి చరిత్రాభిమాని

ముగ్గురికీ కృతజ్ఞతలు. సిరొంచ వారు చూపిన భేదం నా వ్యాసానికి వెన్నెముక అవుతుంది. వట్టి ఎరుపు, తరువాత ఎద్దు, తరువాత మొసలి అన్న క్రమం నాకు అసలు తెలియదు.

ఇంకొక్క సందేహం. బరంపురం వారు అగస్టస్ నాణేల గురించి రాశారు గనుక అడుగుతున్నాను. అగస్టస్ నాణేలు మన తెలుగు నేల మీద కూడా దొరికాయి కదా. ఈ మొసలి నాణెం ఇక్కడికి వచ్చి ఉంటుందా? అలాంటిది ఒకటి ఉంటే మా పాఠకులకు విషయం దగ్గరవుతుంది.

బరంపురం నాణేల పెట్టె

మొసలి నాణెం కోసం ఇక్కడ వెతకవద్దు, మాస్టారూ. అది గాల్ దేశపు చిల్లర. సముద్రం దాటి మిరియాలకూ మణులకూ మారకంగా వచ్చినవి వెండి, బంగారు నాణేలు. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన పెద్ద నిక్షేపంలో ఉన్నవి అగస్టస్, ఆయన తరువాతి చక్రవర్తి టైబీరియస్‌ల వెండి నాణేలే.

అయితే మీకు కావలసిన దగ్గరితనం మరొక దారిలో దొరుకుతుంది. దక్షిణ భారతంలో అగస్టస్ వెండి నాణేలన్నిటిలోకీ ఎక్కువగా కనిపించే రకం ఒకటున్నది. దాని వెనుక వైపు ఇద్దరు యువకులు డాళ్లూ ఈటెలూ పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్లు గాయస్, లూసియస్. అగ్రిప్ప కన్న కొడుకులు, అగస్టస్ దత్తత తీసుకున్న వారసులు. ఆ నాణెం ముద్రించింది నీమ్‌కు ఉత్తరాన, అదే ఫ్రాన్స్ దేశపు లియోన్‌లో. మన దగ్గర దానికి అనుకరణలు కూడా తయారయ్యాయి, అంత చెలామణీ ఉండేది. నీమ్ నడిబొడ్డున నేటికీ చెక్కుచెదరకుండా నిలిచిన రోమన్ ఆలయం, మేజోన్ కారే, ఈ ఇద్దరు యువకుల పేరిట అంకితమైనదే. దాని ముఖభాగం మీద ఒకప్పుడు కంచు అక్షరాలుండేవి, అవి ఎప్పుడో ఊడిపోయాయి. 1758లో జాన్ ఫ్రాన్స్వా సెగియే అనే నీమ్ పండితుడు, ఆ అక్షరాలను బిగించిన మేకుల రంధ్రాల వరుసను బట్టి ఏ రంధ్రం ఏ అక్షరానిదో లెక్క కట్టి, గాయస్, లూసియస్‌ల పేర్లు చదివాడు. 2023లో ఆ ఆలయాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వ్యాసంలో మొసలి నాణెం పక్కన ఈ ఇద్దరు యువకుల నాణెం బొమ్మ వేయండి. తండ్రి తల నీమ్‌లో ముద్రించిన కంచు మీద, కొడుకుల రూపాలు మన నేలలో దొరికే వెండి మీద.

రాయగడ కోడలు

అందరూ పెద్దవాళ్లు, నేను ఎక్కువ మాట్లాడను. మా అబ్బాయి ఫుట్‌బాల్ పిచ్చి వల్ల ఈ మొసలి మా ఇంట్లో చాలా కాలంగా తిరుగుతోంది. 1937లో మొదలైన నీమ్ ఒలింపిక్ క్లబ్బు ముద్ర మీద మొసలే ఉన్నది, ఆ జట్టు ముద్దుపేరు కూడా 'మొసళ్లు'. నగరపాలక భవనం మెట్ల పైకప్పుకు నిజం మొసళ్లను గడ్డి కూరి వేలాడదీసి ఉంచారు. 1980ల్లో ఫిలిప్ స్టార్క్ అనే రూపశిల్పి ఆ పాత చిహ్నాన్ని నాలుగు గీతల్లోకి కుదించి కొత్తగా గీశాడు, ఆ బొమ్మే కంచు బిళ్లలుగా వీధుల రాళ్లలో పొదిగి ఉంటుంది. బజారు కూడలిలోని నీటితొట్టెలో మార్షియల్ రేస్ చేసిన కంచు మొసలి ఉన్నది.

గురువుగారూ, మీరంతా గొలుసు వేసినవాడి వైపు నుంచి రాశారు. రోముకు ఆ మొసలి ఓడిన శత్రువు, రాజు దగ్గరికి వెళ్లిన ఊరి పెద్దలకు అది పాతదనానికి దస్తావేజు. కాని ఇప్పటి నీమ్ జనం స్టేడియంలో కేకలు వేసేది అగస్టస్ పేరు కాదు, మొసలి పేరు. కట్టేసినవాణ్ని మరిచిపోయి కట్టుబడినదాన్నే తామనుకుంటున్నారు. క్లబ్బు టీషర్టుల మీద గొలుసు ఉన్నదో లేదో మా వాణ్ని అడిగి చూస్తాను; మీ సంచిక అచ్చుకు వెళ్లేది ఎప్పుడో చెబితే ఆ లోపలే ఇక్కడ రాస్తాను.